రెండు నంబర్లు: అమెరికాలో బీఫ్ కీమా కొని వండుకునే తెలుగువాళ్ల కోసం

గుంటూరులో ఆదివారం పొద్దున మా నాన్న కీమా కొట్టించడానికి వెళ్తే నేనూ వెంటపడేవాణ్ని. కొక్కేనికి వేలాడుతున్న తొడలో తనకు కావలసిన చోటు చూపించేవాడు. ఆ ముక్క మొద్దు మీద పడిన దగ్గర్నుంచి కత్తి కింద నలిగి కవర్లోకి వచ్చేదాకా చూపు తిప్పేవాడు కాదు. పక్కన తట్టలో ముందే కొట్టి పెట్టిన కీమా ఉంటే అందులోంచి కాస్త కలిపేస్తారని ఆయన అనుమానం. ఒక పశువు, ఒక తొడ, ఒక ముక్క. ఆయన లెక్క అంతే.

డాలస్ వచ్చాక కొన్న మొదటి గ్రౌండ్ బీఫ్ ప్యాకెట్ దగ్గరే ఆ లెక్క తప్పిపోయింది. ఇక్కడ పెద్ద ప్లాంట్లలో స్టేకులు, రోస్టులు కోసుకున్నాక మిగిలే ముక్కల్ని ట్రిమ్మింగ్స్ అంటారు. వాటిని దాదాపు 2000 పౌండ్లు పట్టే పెద్ద పెట్టెల్లో నింపుతారు. కొవ్వు ఎక్కువున్న పెట్టె ఒక చోటి నుంచి, తక్కువున్నది ఇంకో చోటి నుంచి, ఒక్కోసారి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉరుగ్వే నుంచి కూడా వస్తుంది. కొలత ప్రకారం కలిపి మిషన్‌లో వేస్తారు. మీ చేతిలో ఉన్న ఒక్క పౌండు ప్యాకెట్‌లో ఎన్ని పశువుల మాంసం ఉందో మా నాన్న ఎంత కళ్లు చిట్లించి చూసినా తేల్చలేడు.

నేనిప్పటికీ కొంటాను, తింటాను. కాకపోతే నాన్న కళ్లతో చేసిన పనిని ఇక్కడ రెండు నంబర్లతో చేసుకుంటున్నాను. ఒకటి ప్యాకెట్ మీద ఉంటుంది, రెండోది థర్మామీటర్ మీద.

ముందు కీమాకి, ముక్కకి తేడా తెలుసుకోండి

ఇది అర్థమైతే మిగతా అడుగులన్నీ వాటంతట అవే గుర్తుంటాయి.

ఈ-కోలై ఓ157 హెచ్7 అనే బ్యాక్టీరియా పశువు పేగుల్లో ఉంటుంది. పశువుకి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. పేడతో పాటు బయటికొచ్చి తోలుకి అంటుకుంటుంది. ప్లాంట్‌లో తోలు ఒలిచేటప్పుడు ఆ తోలు అంచు మాంసానికి తగిలినా, పనివాడి కత్తి తోలు మీంచి మాంసం మీదికి వెళ్లినా, పేగులు తీసేటప్పుడు చిన్న గాటు పడినా చాలు, బ్యాక్టీరియా మాంసం పైకి చేరుతుంది. పైకి మాత్రమే. లోపల కండలోకి దానంతట అది వెళ్లదు. అందుకే స్టేక్‌ని పెనం మీద రెండు వైపులా కాలిస్తే, లోపల ఎర్రగా ఉన్నా పెద్దగా ప్రమాదం ఉండదు.

కీమా మిషన్ ఆ పైపొరను తీసుకెళ్లి లోపల పెడుతుంది. ఇక కీమాకి పైభాగం, లోపలిభాగం అన్న తేడా లేదు. ఈ బ్యాక్టీరియా వంద కంటే తక్కువ కణాలు కడుపులోకి వెళ్లినా జబ్బు చేయగలదు కాబట్టి, ఒక్క ముక్క మీదున్న మరక పెట్టె మొత్తానికి అంటుకున్నట్టే లెక్క.

ప్లాంట్లు చేతులు కట్టుకుని ఏమీ కూర్చోవు. ఒలిచిన పశువుని వేడినీళ్లతో కడుగుతాయి, ఆవిరి పెడతాయి, లాక్టిక్ యాసిడ్ చల్లుతాయి. పేడ మరక కంటికి కనిపిస్తే దాన్ని పూర్తిగా తీసేయాల్సిందే. ట్రిమ్మింగ్స్ లాట్ నుంచి, అంటే ఒక విడత సరుకులోంచి, 60 పలచటి పైముక్కలు తీసి పరీక్షకి పంపి, ఫలితం వచ్చేదాకా సరుకు ఆపి ఉంచడం పెద్ద కంపెనీల్లో మామూలు పద్ధతి. ఎక్కడ తప్పు జరగొచ్చో ముందే గుర్తించి ఆ చోట కాపలా పెట్టే ఈ పద్ధతిని హాసప్ అంటారు. అంతరిక్షంలోకి వెళ్లేవాళ్ల తిండి కోసం నాసాతో కలిసి పిల్స్‌బరీ కంపెనీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1996లో అమెరికా వ్యవసాయ శాఖ దీన్ని మాంసం ప్లాంట్లకి తప్పనిసరి చేసింది.

అయినా 60 ముక్కల్లో దొరకలేదంటే వేల పౌండ్లలో ఎక్కడా లేదని కాదు. బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి చూస్తే రాయి తగల్లేదు, అంతే.

అడుగు 1: దుకాణంలో గుండ్రటి ముద్ర వెతకండి

ఫ్యాక్టరీ నుంచి సీల్ అయి వచ్చిన ప్యాకెట్ మీద చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. వ్యవసాయ శాఖ తనిఖీ చేసి పాస్ చేసిందని దాని అర్థం. ఆ ముద్రలోనో, తేదీ కొట్టిన చోటనో ఇంగ్లిష్ అక్షరాల్లో ఈ, ఎస్, టీ అని, పక్కన ఒక నంబరు ఉంటుంది. ఎస్టాబ్లిష్‌మెంట్ నంబరు, అంటే ఆ మాంసం ఏ ప్లాంట్ గుమ్మం దాటి వచ్చిందో చెప్పే నంబరు. మన మొదటి నంబరు ఇదే.

బ్రాండు పేరు చాలదా అంటారేమో. చాలదు. 2018 అక్టోబర్‌లో అరిజోనాలోని టాల్సన్ ఊళ్లో ఉన్న జేబీఎస్ అనే మాంసం కంపెనీ ప్లాంట్ నుంచి వెళ్లిన బీఫ్‌లో సాల్మొనెల్లా అనే మరో బ్యాక్టీరియా ఉందని తేలింది. మొదట 65 లక్షల పౌండ్లు వెనక్కి పిలిచారు, డిసెంబర్‌కి అది 1.2 కోట్ల పౌండ్లు దాటింది. 30 రాష్ట్రాల్లో 400 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ కీమా వేర్వేరు దుకాణాల్లో వేర్వేరు పేర్లతో అమ్ముడైంది. అన్నిటినీ కలిపింది ఒక్కటే, ప్యాకెట్ మీదున్న 267 అనే ఆ ప్లాంట్ నంబరు. బ్రాండు చూసి ‘మనది కాదులే’ అనుకున్నవాళ్ల ఫ్రీజర్‌లోనూ అదే నంబరు ఉండి ఉండొచ్చు.

దుకాణంలోనే మిషన్ వేసి ట్రేలో పెట్టి అమ్మే కీమా మీద ఈ నంబరు ఉండకపోవచ్చు. మనలో చాలామంది కొనే హలాల్ షాపుల్లోనూ అంతే. అప్పుడు అడగండి, మొహమాటం అక్కర్లేదు. ఏ ప్లాంట్ల మాంసం, ఏ లాట్, ఎన్ని గంటలకి వేశారు, మిషన్ ఎప్పుడు కడిగారు అన్నవి పుస్తకంలో రాసి పెట్టాలని 2016 నుంచి నియమం ఉంది. మీకు ఆ పుస్తకం చూపించాలని లేదు గానీ, ‘పొద్దున మిషన్ కడిగాక వేసిందేనా?’ అని అడిగితే చక్కగా పనిచేసే షాపువాడు వెంటనే చెప్తాడు. తడబడితే నేను ఆ రోజు చికెన్ కొనుక్కుని వచ్చేస్తాను.

రంగు గురించి టెన్షన్ పడకండి. పైన ఎర్రగా, లోపల గోధుమరంగుగా ఉంటే పాత కీమా కలిపారని మనవాళ్లు గొడవ పడటం చూశాను. లోపలికి గాలి అందక అలా ఉంటుంది, అంతే. జిగురుగా ఉంటేనో, పుల్లటి వాసన వస్తేనో వదిలేయండి. కానీ మనం భయపడుతున్న బ్యాక్టీరియాకి వాసనా ఉండదు, రంగూ ఉండదు. ఆర్గానిక్, గ్రాస్ ఫెడ్ అన్న ముక్కలు చూసి ఎక్కువ డబ్బు పెట్టాలనుకుంటే పెట్టుకోండి. ఆ పశువుకీ పేగులుంటాయి, తోలుంటుంది.

‘పింక్ స్లైమ్’ సంగతి ఏమిటని ప్రతి గెట్ టుగెదర్‌లో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక మాట. సౌత్ డకోటాకి చెందిన బీఫ్ ప్రోడక్ట్స్ అనే కంపెనీ, కొవ్వు ముక్కల్ని కాస్త వేడిచేసి గిర్రున తిప్పి కండని వేరుచేసి, బ్యాక్టీరియా చావడానికి అమోనియా పట్టించి, కీమాలో కలపడానికి అమ్మేది. 2012లో టీవీ వార్తల్లో గోల జరిగి నాలుగు ప్లాంట్లలో మూడు మూసేసింది. టీవీ సంస్థ మీద వేసిన దావా 2017లో రాజీ అయింది. 2018లో వ్యవసాయ శాఖ దాన్ని గ్రౌండ్ బీఫ్ అనే పేరుతోనే అమ్మొచ్చని తేల్చింది. చూడ్డానికి రోతగా ఉండటం వేరు, ప్రమాదంగా ఉండటం వేరు. లేబుల్ మీద చెప్పకుండా కలపడం మీద కోపం వస్తే అది న్యాయమైన కోపమే. కానీ ఆసుపత్రి పాలు చేసే విషయాల జాబితాలో నా వరకు ఇది చివర్న ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. కొన్ని స్టేక్ ప్యాకెట్ల మీద ‘బ్లేడ్ టెండరైజ్డ్’ అనో ‘మెకానికల్లీ టెండరైజ్డ్’ అనో ఉంటుంది. మెత్తబడటానికి సన్నటి సూదులతో, కత్తులతో పొడిచారని అర్థం. పైన ఉన్నది లోపలికి వెళ్లింది కాబట్టి దాన్ని మామూలు స్టేక్‌లా లోపల పచ్చిగా ఉండగా తినొద్దు. 2016 నుంచి లేబుల్ మీద రాయడం, ఎలా వండాలో చెప్పడం తప్పనిసరి. ఆ అక్షరాలు చదివాకే పొయ్యి మీద పెట్టండి.

అడుగు 2: ఫొటో తీయండి

ఇంటికొచ్చి ప్యాకెట్ చింపేముందు లేబుల్ ఫొటో తీసుకోండి. ప్లాంట్ నంబరు, తేదీ, లాట్ కోడ్ స్పష్టంగా పడాలి. పది సెకన్ల పని. కీమాని ఉండలు చేసి జిప్‌లాక్ కవర్లలో వేసి ఫ్రీజర్‌లో పడేసే అలవాటు మనకు ఎక్కువ. మూడు నెలల తర్వాత రీకాల్ వార్త, అంటే సరుకు వెనక్కి పిలుస్తున్నారన్న వార్త, వస్తే ఆ కవర్ ఏ ప్యాకెట్‌దో ఎవరికి గుర్తుంటుంది? నేను కవర్ మీద మార్కర్‌తో కొన్న తేదీ, ప్లాంట్ నంబరు రాసేస్తాను.

అడుగు 3: ఫ్రిజ్‌లో కింది అరలో, పాతదీ కొత్తదీ విడివిడిగా

షాపింగ్‌లో మాంసం చివర్న తీసుకోండి. ఎండాకాలం డాలస్‌లో కారులో గంటసేపు వదిలేస్తే ఆ ప్యాకెట్ ఇక చెత్తబుట్టకే. ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉండాలి. ప్యాకెట్ కింద పళ్లెం పెట్టి అట్టడుగు అరలో ఉంచండి, నీరు కారినా కొత్తిమీర మీద పడకుండా. ఒకటి రెండు రోజుల్లో వండేయండి, లేదా ఫ్రీజ్ చేయండి. ఫ్రీజర్‌లో మూడు నాలుగు నెలల వరకు రుచి పోదు. ఫ్రీజర్ బ్యాక్టీరియాని చంపదు, నిద్రపుచ్చుతుంది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. నిన్నటి అరప్యాకెట్ మిగిలింది కదాని ఈరోజు తెచ్చిన దాంట్లో కలిపేయకండి. రెండు పెద్ద కంపెనీలు కనుమరుగైపోయింది ఇలాంటి పనితోనే. 1997లో నెబ్రాస్కాలోని కొలంబస్ ఊళ్లో హడ్సన్ ఫుడ్స్ ప్లాంట్, ఆ రోజు మిగిలిన కీమాని మర్నాటి కీమాలో కలిపేది. ఈ-కోలై బయటపడ్డాక ఏ రోజు సరుకు మంచిదో, ఏ రోజుది చెడ్డదో విడదీసి చెప్పే దారి లేకపోయింది. రీకాల్ చిన్నగా మొదలై 2.5 కోట్ల పౌండ్లకి చేరింది. ఆ ప్లాంట్, తర్వాత ఆ కంపెనీ కూడా వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయాయి. పదేళ్ల తర్వాత 2007లో న్యూజెర్సీలోని టాప్స్ మీట్ కంపెనీ అదే గోతిలో పడింది. 2.17 కోట్ల పౌండ్లు, దాదాపు ఏడాది సరుకు, వెనక్కి పిలవాల్సి వచ్చింది. వారం పది రోజుల్లో కంపెనీ తలుపులు మూసేశారు. మన వంటింట్లో అరప్యాకెట్ కలపడం ఆ పెద్ద పనికి చిన్న నకలు.

అడుగు 4: కడగొద్దు

ఇది మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన అడుగు.

అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సింక్‌లో చిల్లుల గిన్నె, అందులో కీమా, పైన కుళాయి ధారగా. ఉప్పు, పసుపు వేసి మూడోసారి కడుగుతోంది. సింక్ అంచు మీద ఎర్రటి చుక్కలు. పక్కనే చారల తువ్వాలు మీద పెరుగుపచ్చడికి తరగబోయే కీరదోసకాయలు, వాటి మీదా రెండు చుక్కలు.

“అమ్మా, కీమా కడగకూడదు ఇక్కడ.”

“కడక్కుండా వండుతారేంట్రా? నెత్తురు వాసన రాదూ?”

ఆమె తప్పు కాదు. గుంటూరులో మొద్దు మీద కొట్టిన కీమాలో ఎముక పెంకులు, మొద్దు చెక్కపొట్టు కూడా వచ్చేవి. కడిగితేనే తినగలం. ఇక్కడి ప్యాకెట్ కీమాలో కడగడం వల్ల పోయేదేమీ లేదు, చిమ్మేది మాత్రం ఉంది. బ్యాక్టీరియా నీళ్లతో పోదు, వేడితోనే చస్తుంది. కడిగిన కీమా కూరలో ఉడికి బాగుపడుతుంది. చుక్క పడిన కీరదోస పచ్చిగానే మీ పళ్లెంలోకి వస్తుంది.

నెత్తురు వాసన కోసం అమ్మతో నేను కుదుర్చుకున్న రాజీ ఇది: మూకుడు బాగా వేడెక్కాక నూనె లేకుండా కీమా వేసి, నీరంతా ఇగిరిపోయి చిటపటలాడేదాకా వేయించాలి. పైకి తేలిన కొవ్వు వంచేయాలి. ఆ తర్వాత అల్లం వెల్లుల్లి, ఉల్లిపాయలు. వాసన పోతుంది. అమ్మ ఒప్పుకుంది, సగం మనసుతో.

పచ్చి కీమా ముట్టుకున్న చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు కడుక్కున్నాకే మసాలా డబ్బా మూత తీయండి. కారం డబ్బా మూత ఎవరూ కడగరు, అందుకే చెప్తున్నా. ఉల్లిపాయలు, కొత్తిమీర ముందే తరిగి పక్కన పెట్టుకుంటే కట్టింగ్ బోర్డు గొడవే ఉండదు.

గడ్డ కట్టిన కీమాని కరిగించడానికి ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. మర్చిపోతే కవర్‌తో సహా చల్లనీళ్లలో ఉంచి అరగంటకోసారి నీళ్లు మార్చండి. మైక్రోవేవ్‌లో కరిగిస్తే వెంటనే వండేయాలి. పొద్దున గట్టు మీద పెట్టి ఆఫీసుకి వెళ్లి సాయంత్రం వండటం మాత్రం వద్దు.

అడుగు 5: 160 డిగ్రీలు

రెండో నంబరు ఇది. కీమా ఎక్కడ కొన్నా, ఎలా వండినా, మధ్యలో 160 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకాలి. మన లెక్కలో 71 సెల్సియస్.

ఈ నంబరు వెనక ఒక చరిత్ర ఉంది. 1993 జనవరిలో సియాటెల్ చుట్టుపక్కల చిన్నపిల్లలు నెత్తుటి విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. తీగ లాగితే జాక్ ఇన్ ద బాక్స్ అనే రెస్టారెంట్ల హాంబర్గర్ల దగ్గర తేలింది, వాటిలో ఉన్నది ఈ ఓ157 బ్యాక్టీరియానే. నాలుగు రాష్ట్రాల్లో 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. వాషింగ్టన్ రాష్ట్రం అప్పటికే హాంబర్గర్ 155 డిగ్రీలకి వండాలని చెప్పింది. ఆ రెస్టారెంట్లు మాత్రం దేశమంతటికీ ఉన్న పాత లెక్క ప్రకారం 140 దగ్గరే దించేస్తున్నాయి. ఆ పదిహేను డిగ్రీల్లోనే పిల్లల ప్రాణాలు పోయాయి.

అంతవరకు పచ్చిమాంసంలో బ్యాక్టీరియా ఉంటే అది వండుకునేవాళ్ల బాధ్యత అన్నట్టు ఉండేది. 1974లో ఒక కోర్టు తీర్పు, అమెరికా గృహిణులేమీ తెలివితక్కువవాళ్లు కాదు, మాంసం ఎలా వండాలో వాళ్లకి తెలుసు, హెచ్చరిక లేబుల్ అక్కర్లేదు అంది. పైకి మెచ్చుకోలులా ఉన్నా నాకది చేతులు దులుపుకోవడంలాగే కనిపిస్తుంది. 1994లో వ్యవసాయ శాఖ ఆ దారి వదిలి, ఓ157 ఉన్న కీమాని కల్తీ సరుకు కింద లెక్కగట్టడం మొదలుపెట్టింది. మాంసం కంపెనీల తరఫువాళ్లు కోర్టుకెళ్లి ఓడిపోయారు. 2012లో అదే కుటుంబంలోని ఇంకో ఆరు రకాల్ని చేర్చారు. కానీ పచ్చి బీఫ్ కీమాలో సాల్మొనెల్లా ఉంటే ఇప్పటికీ ఆ లెక్కలోకి రాదు. దాన్ని చంపే పని పూర్తిగా మీ స్టవ్‌దే.

మన కీమా కూరలో, కీమా మటర్‌లో, కీమా మెంతికూరలో ఈ నంబరు గురించి ఆలోచించాల్సిన పనే లేదు. కుతకుత ఉడికి 200 దాటుతుంది. షామీ కబాబ్ కూడా అంతే, శనగపప్పుతో కలిపి ముందే ఉడికిస్తాం కదా. చిక్కంతా పచ్చి కీమాతో నేరుగా కాల్చే వాటితోనే: శీఖ్ కబాబ్, కోఫ్తా, పెరట్లో గ్రిల్ మీద వేసే బర్గర్ ప్యాటీలు. పైన నల్లగా మాడి నోరూరిస్తుంటాయి, లోపల ఏముందో తెలియదు.

‘లోపల ఎరుపు పోయింది, ఉడికినట్టే’ అనేది ఇంకో నమ్మకం. నాలుగు హాంబర్గర్లలో ఒకటి 160 చేరకముందే గోధుమరంగుకి మారిపోతుందని వ్యవసాయ శాఖే చెప్తోంది. పదిహేను ఇరవై డాలర్ల డిజిటల్ థర్మామీటర్ కొనండి. ప్యాటీ అయితే పైనుంచి కాదు, పక్కనుంచి మధ్యదాకా గుచ్చండి. శీఖ్ కబాబ్ అయితే కొసనుంచి లోపలికి పొడుగునా దూర్చండి. అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని చూడండి. 152 చూపిస్తే మళ్లీ మంట మీద పెట్టాలి, అంతే కానీ ‘పర్లేదులే’ అనకూడదు. మళ్లీ గుచ్చేముందు ఆ సూదిని సబ్బునీళ్లతో తుడవండి. అప్పుడప్పుడూ గ్లాసు నిండా ఐసు వేసి నీళ్లు పోసి అందులో ముంచండి, 32 చూపించాలి. చూపించకపోతే దాని మాట నమ్మకండి.

ఉప్పు సరిపోయిందా అని పచ్చి కబాబ్ ముద్దని నాలిక కొసకి తాకించే అలవాటు మా హైదరాబాదీ పక్కింటాయనకి ఉండేది. చిటికెడు తీసి పెనం మీద వేయించి చూడొచ్చు కదన్నా అంటే నవ్వాడు. ఇప్పుడు ఆయనే ఆ చిన్న ముద్దని అందరికీ రుచి చూపిస్తున్నాడు. పచ్చి కబాబ్‌లు మోసుకెళ్లిన పళ్లెంలోనే కాలిన కబాబ్‌లు తీసుకురావడం మాత్రం ఇంకా మానలేదు. రెండో పళ్లెం తీసుకెళ్లడం మీరైనా మర్చిపోకండి.

అడుగు 6: మిగిలిన కూర

పాట్‌లక్‌కి ఇరవైమందికి వండిన పెద్ద గిన్నె రాత్రంతా స్టవ్ మీదే ఉండిపోతుంది, ‘పొద్దున మరిగిస్తే సరి’ అని. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో మరుగుతున్న కూరలోనూ బతికే ఉంటుంది. కూర మెల్లగా చల్లారుతుంటే మళ్లీ లేచి పెరుగుతుంది. పెద్ద గిన్నె మధ్యభాగం చల్లారడానికి చాలాసేపు పడుతుంది, దానికి కావలసిందీ అదే. మర్నాడు తిన్న ఆరు నుంచి ఇరవైనాలుగు గంటల్లో కడుపు మెలితిప్పుతుంది.

రెండు మూడు అంగుళాల లోతు మించని డబ్బాల్లోకి సర్దేసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. 90 డిగ్రీలు దాటిన ఎండలో పార్కులో తింటుంటే గంటలోపే. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, తినేముందు 165కి వేడి చేయాలి.

అడుగు 7: రీకాల్ వస్తే

మాంసం రీకాల్స్ ప్రకటించేది వ్యవసాయ శాఖ కింద ఉండే ఎఫ్ఎస్ఐఎస్ అనే తనిఖీ విభాగం. వాళ్ల వెబ్‌సైట్‌లో ఈమెయిల్ ఇచ్చి పెట్టుకుంటే వార్త నేరుగా వస్తుంది. వాట్సాప్ గ్రూపులో తిరిగే ‘బీఫ్ తినొద్దు, అర్జెంట్’ మెసేజ్‌లో నంబరు ఉండదు కాబట్టి దానివల్ల ఉపయోగం లేదు. అసలు ప్రకటనలో ప్లాంట్ నంబరు, ప్యాక్ చేసిన లేదా వాడాల్సిన తేదీలు, లాట్ కోడ్‌లు ఉంటాయి. తరగతి 1 అని ఉంటే ఆరోగ్యానికి తీవ్రమైన ప్రమాదం అని అర్థం. అమ్మిన దుకాణాల జాబితా కూడా తర్వాత పెడతారు.

మీ ఫోన్‌లో దాచుకున్న లేబుల్ ఫొటో తెరిచి చూడండి. నంబరు, తేదీ రెండూ కలిస్తే ‘బాగా ఉడికిస్తే సరిపోతుందిగా’ అనుకోకండి. వండేలోపు అది మీ చేతులకి, సింక్‌కి, గరిటెకి తగులుతుంది. కవర్ విప్పకుండా ఇంకో కవర్లో కట్టి దుకాణానికి తిరిగిచ్చేయండి, డబ్బులిస్తారు. లేదా పారేయండి. అది ఉన్న అరని సబ్బునీళ్లతో తుడవండి. అనుమానం ఉంటే వ్యవసాయ శాఖ మాంసం హాట్‌లైన్‌కి చేయండి, 1-888-674-6854.

అడుగు 8: ఒంట్లో బాగోకపోతే

ఈ-కోలై తిన్న వెంటనే బయటపడదు. మామూలుగా మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి పది రోజుల దాకా పడుతుంది. అందుకే నిన్న తిన్న బజ్జీల మీద నెపం వేస్తాం. కడుపులో భరించలేని నొప్పి, విరేచనంలో నెత్తురు, జ్వరం పెద్దగా లేకపోవడం దీని లక్షణాలు. నెత్తురు కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా ప్రతి తెలుగింట్లో ఉంటుంది, నా దగ్గరా ఉంది. అందులోని విరేచనాలు కట్టే మాత్రలూ, యాంటీబయాటిక్ పట్టీలూ ఈ జబ్బుకి వాడితే మేలుకంటే కీడు ఎక్కువ కావచ్చు. డాక్టర్ చెప్పకుండా ఒక్కటి కూడా వేయకండి. చిన్నపిల్లలు, ముఖ్యంగా ఐదేళ్ల లోపువాళ్లు, జబ్బు మొదలై వారం అవుతుంటే కాస్త తగ్గినట్టే ఉండి పాలిపోతారు, మూత్రం తగ్గిపోతుంది. కిడ్నీలు దెబ్బతింటున్నాయన్న గుర్తు అది. తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

డాక్టర్‌తో బీఫ్ కీమా తిన్న సంగతి చెప్పి, విరేచనం పరీక్షలో షిగా టాక్సిన్ (ఈ బ్యాక్టీరియా వదిలే విషం) కూడా చూడమని అడగండి. ఫలితం వస్తే కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి ఫోన్ వస్తుంది. గత వారం ఏం తిన్నారు, ఎక్కడ కొన్నారు, మెంబర్‌షిప్ కార్డు నంబరు ఎంత అని అడుగుతారు. ఆ కార్డుతో మీరు ఏ రోజు ఏం కొన్నారో తీస్తారు. ఫ్రీజర్‌లో అదే కీమా మిగిలుంటే పారేయకుండా కవర్‌తో సహా ఉంచి, ఏం చేయాలో వాళ్లనే అడగండి. తర్వాత ఫోన్‌లో ఉన్న ఆ లేబుల్ ఫొటో వాళ్లకి పంపండి.